20 నెలల బాబుకి మాటలు ఐదే, తినాలంటే ఫోన్ ఉండాల్సిందే. ఇంట్లో ఏం చేయాలి?

కూకట్‌పల్లి_అమ్మ:

అందరికీ నమస్కారం. బాబుకి 20 నెలలు. అమ్మ, తాత, బువ్వ, బౌబౌ, ఇయ్యి. ఇవే మాటలు. నడక 13వ నెలలో వచ్చింది. పిలిస్తే చాలాసార్లు తిరుగుతాడు. కావాల్సింది వేలు పెట్టి చూపిస్తాడు గానీ, విమానమో కుక్కో కనబడితే "చూడు" అన్నట్టు మాకు చూపించడం తక్కువ. మూడు పూటలా ఫోన్ పెడితేనే నోరు తెరుస్తాడు. అన్నీ కలిపి రోజుకి మూడు గంటల దాకా అవుతోంది. సీసాతో పాలు 800 మి.లీ. వరకు తాగుతాడు, అన్నం మాత్రం నాలుగు ముద్దలే.

మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. పగలంతా అత్తయ్య, మామయ్య చూసుకుంటారు. నాకు పొద్దున అరగంట, సాయంత్రం గంటన్నర దొరుకుతుంది. "వాళ్ళ నాన్న కూడా మూడేళ్ళకి గానీ మాట్లాడలేదు, మగపిల్లలు అంతే" అంటున్నారు ఇంట్లో. ఫ్లాష్ కార్డులు కొనమని ఒకరు, బ్రెయిన్ సిరప్ వేయమని ఒకరు, నాలుక మీద వస రాయమని ఒకరు, ప్లే స్కూల్లో వేస్తే అవే వస్తాయని ఇంకొకరు చెప్తున్నారు.

ఆగొచ్చా, డాక్టరుకి చూపించాలా? ఫోన్ లేకుండా తినిపించడం ఎలా? నాకున్న ఆ రెండు గంటల్లో ఏం చేయాలి? అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేరు. ఆవిడ చేయగలిగినవి కూడా చెప్పండి.

---

మాట_బడి (స్పీచ్ థెరపిస్టు):

ఆగొద్దండి. చూపించడం, ఇంట్లో మొదలుపెట్టడం రెండూ ఈ వారమే జరగాలి. చూపించమన్నానంటే ఏదో జబ్బుందని కాదు. ఈ వయసులో మాట ఆలస్యమైన పిల్లల్లో చాలామంది తర్వాత అందుకుంటారన్నది నిజమే. కానీ ఎవరు అందుకుంటారో, ఎవరికి సాయం కావాలో ఇంట్లో కూర్చుని తేల్చలేం. మగపిల్లలకి ఆడపిల్లలకి సగటున ఉండే తేడా ఒకటి రెండు నెలలే. ఏడాది ఎదురుచూడటానికి ఆ కారణం చాలదు.

ముందు మాటల లెక్క సరిచూసుకోండి. ఒకే వస్తువుకి ప్రతిసారీ ఒకే శబ్దం వాడుతుంటే అది మాట కిందే లెక్క, పలుకు తప్పయినా సరే. నీళ్ళని "ఈలు" అంటే మాటే. కుక్కని చూసి బౌబౌ, బండిని చూసి బుర్రు అన్నా మాటలే. వారం రోజులు ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఇంట్లో అందరూ రాస్తే ఐదు అనుకున్నవి ఎనిమిదో పదో తేలవచ్చు.

పలికే మాటలకన్నా ముందు అర్థం చేసుకోవడం చూడండి. చేత్తో చూపించకుండా, కళ్ళతో సైగ చేయకుండా "చెప్పులు తీసుకురా" అంటే తెస్తాడా? "ముక్కేది?" అంటే ముట్టుకుంటాడా? ఇవి చేస్తుంటే పునాది ఉన్నట్టు. చేయకపోతే ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పండి. మీరు రాసినవాటిలో నేను ఎక్కువ పట్టించుకునేది ఇంకొకటి: అడగడానికి వేలు చూపిస్తాడు, పంచుకోవడానికి చూపించడు అన్నారు. 18 నెలలకల్లా పిల్లలు తమకి నచ్చింది మనకి చూపించి, మనమూ చూశామా లేదా అని మన ముఖం వైపు తిరుగుతారు. ఈ అలవాటులోంచే మాటలు పుడతాయి. ఇది తక్కువగా ఉందని అక్కడ స్పష్టంగా చెప్పాలి.

ఇక ఫోన్ సంగతి. బాబు ఏదో శబ్దం చేస్తాడు, మీరు బదులిస్తారు, అతను మళ్ళీ ఏదో చేస్తాడు. మెదడులో భాష దారులు గట్టిపడేది ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో. వీడియో బాబు కోసం ఆగదు. బాబు ఏమన్నా అనకపోయినా అది తన పాట పాడుకుంటూ పోతుంది. అందుకే వీడియోలు బాగా చూసే పిల్లలు ఇంగ్లీషులో రంగుల పేర్లు వరసగా చెప్తారు గానీ, దాహమేస్తే నీళ్ళడగరు. హాల్లో ఎవరూ చూడకపోయినా నడిచే టీవీ కూడా నష్టమే. అది మోగుతున్నంతసేపూ పెద్దవాళ్ళు పిల్లలతో తక్కువ మాట్లాడతారు. కట్టేయండి.

మీకున్న రెండు గంటలకి వేరే "పాఠం" అక్కర్లేదు. స్నానం, అన్నం, పడుకోబెట్టడం, ఇవి ఎలాగూ చేస్తారు. వాటిని చేసే తీరు మార్చాలి. స్నానాన్నే తీసుకుందాం. బాబుని చిన్న పీట మీద కూర్చోబెట్టి, మీరు ఎదురుగా, మీ ముఖం తన ముఖం ఎత్తులో ఉండేట్టు కూర్చోండి. చెంబు నింపి పైకెత్తి "పోయనా?" అని ఆగండి. మనసులో నెమ్మదిగా ఐదు లెక్కపెట్టండి. అలవాటు లేనివాళ్ళకి ఈ ఐదు అంకెలు చాలా పొడుగనిపిస్తాయి, రెండు దగ్గరే నోరు తెరుస్తారు. తెరవకండి. ఆ వయసు పిల్లలకి విన్నది అర్థం చేసుకుని, నోరు కూడగట్టుకోవడానికి అంత సమయం కావాలి. బాబు చెంబు వైపు చూడొచ్చు, చెయ్యి చాపొచ్చు, "ఊ" అనొచ్చు. ఏది చేసినా జవాబే. వెంటనే "పోయ్! నీళ్ళు పోయ్!" అంటూ పోయండి. మళ్ళీ ఎత్తండి, మళ్ళీ ఆగండి. నాలుగైదు చెంబులయ్యాక "నీళ్ళు..." అని మాత్రం అని ఆపండి. ఖాళీ చెంబు తిరగేసి చూపిస్తూ "అయిపోయింది" అనండి. రోజూ అదే వరుస, అవే మాటలు: పోయ్, ఇంకా, చాలు, అయిపోయింది, వేడి, చల్లన. మాట మార్చి మార్చి చెప్తే పిల్లలకి పట్టు దొరకదు. మూడు వారాలు గడవకుండా "ఇది పనిచేయట్లేదు" అనుకోవద్దు.

ఇంకో నాలుగు విషయాలు, ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు.

ప్రశ్నలు తగ్గించండి. "ఇదేంటి? అదేంటి? ఏ రంగు?" అని వరసగా అడిగితే పిల్లలు మొహం తిప్పుకుంటారు. ఒక ప్రశ్నకి నాలుగు మామూలు మాటలు ఉండాలి: "బస్సు వచ్చింది. పెద్ద బస్సు. ఆగింది. వెళ్ళిపోయింది."

బాబు దేన్ని చూస్తుంటే దాని గురించే మాట్లాడండి. బాబు గిన్నె మూత తిప్పుతుంటే మీరు బంతి చూపించి "బంతి అను" అంటే ఆ మాట ఎక్కదు. "మూత తిరుగుతోంది, గిరగిరా, పడిపోయింది" అంటే ఎక్కుతుంది.

బాబు ఒక మాటంటే మీరు దానికి ఒకటి చేర్చి తిరిగివ్వండి. "బువ్వ" అంటే "వేడి బువ్వ". "తాత" అంటే "తాత వచ్చాడు". తప్పుగా పలికితే సరిదిద్దొద్దు, సరైన పలుకు మీ వాక్యంలో వినిపిస్తే చాలు.

"చెప్తేనే ఇస్తా" అని వస్తువు దాచిపెట్టి ఏడిపించకండి. రెండు చేతుల్లో రెండు పెట్టుకుని "అరటిపండా? ఇడ్లీయా?" అని ఆగండి, చూపుతో చెప్పినా ఇచ్చేయండి. మాటల మీద భయం పుడితే ఉన్న ఐదు కూడా మింగేస్తారు.

ఫ్లాష్ కార్డుల డబ్బు మిగుల్చుకోండి. వాటిలో ఉండేవన్నీ పేర్లే. బాబుకి ఇప్పుడు అక్కరకొచ్చేవి రా, పో, తియ్యి, పట్టు, వద్దు, ఇంకా లాంటివి. వీటిని బొమ్మ గీసి చూపించలేం, పని చేస్తూ వినిపించాలి. అత్తయ్యగారు వాడే బువ్వ, లాల, జేజ, బజ్జో లాంటి ముద్దుమాటలు ఆపించొద్దు. చిన్న నోటికి తిరిగే మాటలు అవి.

---

పిల్లల_వైద్యం_గుంటూరు (పిల్లల డాక్టరు):

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. వైద్యపరంగా చూడాల్సినవి నేను రాస్తాను.

మొదట వినికిడి. "పిలిస్తే తిరుగుతాడు కదా" అని దీన్ని వదిలేస్తారు. గిన్నె పడిన చప్పుడికి, గట్టిగా పిలిచిన పేరుకి తిరిగే పిల్లలకి కూడా స, చ, త లాంటి సన్నని శబ్దాలు అందకపోవచ్చు. జలుబులు తరచూ వచ్చే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి నెలల తరబడి ఉండిపోతుంది. నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. పుట్టినప్పుడు చేసిన పరీక్ష బాగానే ఉన్నా ఇప్పుడు మళ్ళీ చేయించాలి. ఓఏఈ (లోపలి చెవి స్పందన చూసే పరీక్ష), టింపనోమెట్రీ (కర్ణభేరి కదలిక చూసే పరీక్ష) నిమిషాల పని. అనుమానం మిగిలితే నిద్రలో బెరా (శబ్దం మెదడు దాకా చేరుతోందా అని చూసే పరీక్ష) చేస్తారు. వినికిడి తేలకుండా నెలల తరబడి థెరపీ చేయించడం వల్ల సమయం పోతుంది.

రెండోది రక్తం. రోజుకి 800 మి.లీ. పాలు, నాలుగు ముద్దల అన్నం అంటే ఇనుము లోపం ఉండే అవకాశం బాగా ఎక్కువ. పాలలో ఇనుము దాదాపు లేదు. పైగా పొట్ట నింపి అన్నం తిననివ్వవు, తిన్నదాంట్లోని ఇనుమును కూడా పూర్తిగా ఒంటికి పట్టనివ్వవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 6 నెలల నుంచి 5 ఏళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. మెదడులో తంతువుల చుట్టూ పొర ఏర్పడటానికి, సంకేతాలు మోసే రసాయనాలు తయారవడానికి ఇనుము కావాలి. హిమోగ్లోబిన్ పడిపోకముందే ఆ లోటు మెదడుకి తగులుతుంది. అందుకే హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చూపే పరీక్ష) కూడా అడగండి. హిమోగ్లోబిన్ 11 గ్రాములకి తక్కువైతే మన ప్రభుత్వ కార్యక్రమాల లెక్కలో రక్తహీనతే. ఒక జాగ్రత్త: జ్వరం, దగ్గు ఉన్నప్పుడు ఫెరిటిన్ ఎక్కువగా చూపించి లోపాన్ని కప్పేస్తుంది. అవి తగ్గాక చేయించండి.

ఈ వయసుకి రోజుకి సుమారు 8 మి.గ్రా. ఇనుము కావాలి. గుడ్డు, కార్జం, చేప, శనగలు, తోటకూర పప్పు, మునగాకు పెట్టండి. పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఆకుకూరలో ఇనుము బాగా పడుతుంది. టీ ఒక్క చెంచా కూడా వద్దు. రక్తహీనత లేని పిల్లలకి ప్రభుత్వం తరఫున ఇచ్చే సిరప్ మోతాదు వారానికి రెండుసార్లు 1 మి.లీ. (20 మి.గ్రా. ఇనుము). ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది. లోపం తేలితే మోతాదు వేరు, అది బాబు బరువుని బట్టి డాక్టరు రాయాలి. సిరప్ వేశాక విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడొద్దు. సీసా మాత్రం బాబుకి అందని ఎత్తులో ఉండాలి. ఇనుము సిరప్ ఒకేసారి ఎక్కువ తాగేస్తే ప్రాణం మీదకి వస్తుంది. నులిపురుగుల మందు ఆరు నెలలకోసారి. ఏడాది నుంచి రెండేళ్ళ వరకు అల్బెండజోల్ సగం మాత్ర, 200 మి.గ్రా., పొడి చేసి నీళ్ళలో కలిపి.

వస వద్దు. మాట త్వరగా వస్తుందని వసకొమ్ము అరగదీసి నాలుకకి రాయడం మన ఇళ్ళల్లో ఉంది. పెద్దవాళ్ళు ప్రేమతోనే చెప్తారు. కానీ అందులో బీటా అసరోన్ అనే పదార్థం ఉంది. అది వాంతులు తెప్పిస్తుంది. జంతువుల మీద ప్రయోగాల్లో క్యాన్సర్ కూడా కలిగించింది, అందుకే అమెరికాలో 1968లోనే ఆహారంలో వస వాడకాన్ని నిషేధించారు. బ్రెయిన్ సిరప్‌ల వల్ల మాట వస్తుందనడానికి ఆధారం లేదు. ఆ డబ్బు గుడ్లకి పెట్టండి.

ఇక ఫోన్ లేకుండా తినిపించడం. రెండేళ్ళ లోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దని మన పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2021లో చెప్పింది. దూరాన ఉన్న బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్ ఒక్కటే మినహాయింపు. 2 నుంచి 5 ఏళ్ళ మధ్య గంటకి మించకూడదు.

ముందు బరువు తూయించండి. వయసుకి తగ్గ బరువు లేకపోతే, ముద్ద నోట్లో పెట్టగానే పొలమారుతుంటే, గట్టి పదార్థం ఏదీ మింగలేకపోతుంటే డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టాలి. అవి లేకపోతే ఇలా చేయండి.

మొదట పాలు తగ్గించాలి. రెండు వారాల్లో 400–500 మి.లీ.కి దించండి. సీసా మానేసి గ్లాసుతో ఇవ్వండి. పాలు తగ్గించకుండా ఫోన్ తీసేస్తే ఆకలి ఉండదు, పంతమే మిగులుతుంది. మూడు భోజనాలు, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, ప్రతి రెండింటికీ నడుమ రెండున్నర నుంచి మూడు గంటలు. ఆ విరామంలో నీళ్ళు తప్ప ఏమీ వద్దు. ఆకలి బాగా ఉండే పూట ఏదో చూసి (చాలామందికి పొద్దున), ఆ ఒక్క పూట ఫోన్ తీసేయండి. నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం, ఆ తర్వాత రాత్రి. పెద్దవాళ్ళ ఫోన్లు కూడా ఆ గదిలో ఉండకూడదు. కంచంలో మూడు చెంచాలంతే పెట్టండి, అయిపోతే ఇంకా అడిగే అవకాశం ఉంటుంది. ఒక ఇడ్లీ ముక్కలు చేసి చేతికివ్వండి. నేల పాడవుతుంది, పాత చీర పరచుకోండి. 25 నిమిషాలయ్యాక తిన్నా తినకపోయినా కంచం తీసేయాలి, కోపం లేకుండా. వెనకాల పరిగెత్తడం, నోరు తెరిచి కుక్కడం వద్దు.

మూడు నుంచి ఏడు రోజులు గొడవ ఉంటుంది, తిండి తగ్గుతుంది. చాలా ఇళ్ళల్లో ఇది చెడేది మూడో రోజే. "పస్తున్నాడు పాపం" అని నానమ్మ ఫోన్ ఇస్తారు. దాంతో బాబు నేర్చుకునేది ఒకటే: మూడు రోజులు ఏడిస్తే వస్తుందని. తర్వాతిసారి ఐదు రోజులు ఏడుస్తాడు. కాబట్టి మొదలుపెట్టే ముందే ఇంట్లో నలుగురూ కూర్చుని ఒప్పుకోవాలి. అత్తమామల్ని తప్పుపట్టే మాటలు వద్దు, పగలంతా మోస్తున్నది వాళ్ళే. మూత్రం మామూలుగా పోస్తూ, ఆడుకుంటూ ఉంటే భయం లేదు. రెండు వారాలకి మళ్ళీ బరువు చూడండి.

నిద్ర పగలు రాత్రి కలిపి 11 నుంచి 14 గంటలు ఉండాలి. నేర్చుకున్న మాట మెదడులో కుదురుకునేది నిద్రలోనే. రాత్రి పదకొండు దాకా మెలకువగా ఉండే ఇళ్ళల్లో మిగతావన్నీ సరిగ్గా చేసినా పొద్దున బాబు చిరాకుగా ఉంటాడు.

వెంటనే చూపించాల్సిన గుర్తులు: వచ్చిన మాటలు పోవడం (ఏ వయసులోనైనా), కళ్ళలోకి చూడకపోవడం, పిలిస్తే తరచూ పలక్కపోవడం, 16 నెలలకి ఒక్క మాటా లేకపోవడం, రెండేళ్ళకి సొంతంగా రెండు మాటలు కలపకపోవడం. మీ బాబు వయసుకి ఎం-చాట్ అనే, ఆటిజం సూచనలు ఉన్నాయేమో చూసే 20 ప్రశ్నల పరీక్ష సరిపోతుంది, 16–30 నెలల మధ్య వాడతారు. డాక్టరుని అడిగి చేయించండి. అందులో ఎక్కువ మార్కులు వస్తే ఆటిజం ఉన్నట్టు తేల్చినట్టు కాదు, వివరంగా చూడాలని అర్థం.

ఖర్చు ఇబ్బందయితే జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాల్ని ముందే గుర్తించి సాయం చేసే కేంద్రం) ఉంది, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచితం. హైదరాబాద్ వాళ్ళకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ) ఉంది.

---

కూకట్‌పల్లి_అమ్మ:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ ఇంట్లో అందరం కూర్చుని చదివాం. మామయ్యగారే ఫోన్ తన గదిలో పెడతానన్నారు. వినికిడి పరీక్షకి శనివారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. పగటిపూట అత్తయ్య ఏం చేయొచ్చు, బొమ్మలు ఏవి కొనాలి, ప్లే స్కూల్ మాటేంటి, ఎవరైనా చెప్తారా?

---

ఆటల_టీచర్ (అంగన్‌వాడీ టీచర్లకి శిక్షణ ఇస్తాను):

బొమ్మలు కొనకండి, వంటింట్లోకి పంపండి. ఒకదాంట్లో ఒకటి పట్టే నాలుగు స్టీలు గిన్నెలు, వాటి మూతలు ఇస్తే అరగంట పని. ఏ మూత దేనికి సరిపోతుందో చూసుకుంటూ చిన్న పెద్ద తేడా చేత్తో నేర్చుకుంటారు. మీరు చేసి చూపించకండి. తప్పు మూత పెట్టి, అది జారిపోయి, ఇంకోటి వెతుక్కునే ఆ తంటాలోనే బుద్ధికి పని ఉంది. రెండు మూడుసార్లు ఓడి మీ వైపు చూసినప్పుడు మూత కొంచెం తిప్పి ఇస్తే చాలు.

రెండు గ్లాసులు బోర్లించి ఒకదాని కింద నిమ్మకాయ దాచండి, బాబు చూస్తుండగానే. దొరికితే తర్వాత గ్లాసుల చోట్లు మార్చండి. బాగా తేలికైతే మధ్యలో ఐదు క్షణాలు చేత్తో కప్పి ఆపండి. కంటికి కనపడనిదాన్ని మనసులో పట్టుకుని ఉండటం ఇలా అలవడుతుంది. మూతకి పొడవాటి చీలిక కోసిన డబ్బా ఇస్తే అందులో పెద్ద ప్లాస్టిక్ మూతలు వేస్తూ కూర్చుంటారు. చిల్లర నాణేలు, గోళీలు, బటన్ బ్యాటరీలు, పచ్చి శనగలు, పల్లీలు అసలు వద్దు. మూడున్నర సెంటీమీటర్లకన్నా చిన్న వస్తువేదైనా గొంతుకి అడ్డం పడుతుంది. బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవడం మొదలవుతుంది.

అత్తయ్యగారి సంగతి. ఆవిడ కుర్చీలో, బాబు ఎదురుగా మంచం మీదో పొడుగు స్టూలు మీదో ఉంటే మోకాళ్ళతో పనిలేదు, ముఖాలు ఎదురెదురుగా ఉంటాయి. చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు బాబు చేతికి ఒకటివ్వండి: "తుంచు. ఠప్! గిన్నెలో వెయ్యి." గింజలు మాత్రం బాబుకి అందనివ్వకండి. బట్టలు మడతపెట్టేటప్పుడు "ఇది తాత చొక్కా, ఇది నీ చొక్కా, తాతకి ఇచ్చిరా". ఈ ఒక్క మాటలో వినడం, గుర్తుంచుకోవడం, నడిచి వెళ్ళి పని పూర్తిచేయడం ఉన్నాయి. బాల్కనీలో మొక్కలకి చిన్న చెంబుతో నీళ్ళు. దాగుడుమూతలు, గుడుగుడుగుంచం, చెమ్మచెక్క ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేదు. నా దృష్టిలో ఏ ఖరీదైన బొమ్మకన్నా ఇవి ఎక్కువ. వంతు కోసం ఆగడం, ఎదుటి ముఖం చూడటం, చేతులు తాళంలో కదపడం అన్నీ ఒకేచోట దొరుకుతాయి. ఒక్క విన్నపం: అన్నం కోసం బూచోడొస్తాడని భయపెట్టొద్దు. భయపడిన పిల్లలు గుక్కపట్టి మింగుతారు, తింటూ మాట్లాడరు.

మామయ్యగారికి సాయంత్రం నడక అప్పగించండి. ఈ వయసుకి రోజంతా కలిపి మూడు గంటల కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. చేయి పట్టుకుని నెమ్మదిగా, బాబు ఆగిన చోటల్లా ఆగుతూ వెళ్ళాలి. చీమల బారు దగ్గర పది నిమిషాలు నిలబడితే అక్కడే మాట్లాడాలి. "నడు నడు" అంటే నడక మిగులుతుంది, మాట మిగలదు.

పుస్తకాలు: అట్టలాంటి మందపాటి పేజీలు, పేజీకి ఒకటి రెండు బొమ్మలు. ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులో తక్కువ ధరకి ఇస్తాయి. కథ మొత్తం చదవాలని పట్టుపట్టకండి. బాబు పేజీ తిప్పితే తిప్పనివ్వండి, బొమ్మ మీద వేలు పెడితే దాని గురించి రెండు మాటలు చెప్పి ఆగండి. ఐదు నిమిషాలు కూర్చుంటే బాగా కూర్చున్నట్టే. అదే పుస్తకం రోజూ తెస్తే విసుక్కోకండి, ముందేం వస్తుందో తెలిసినప్పుడే పిల్లలు మాట అందిస్తారు.

ప్లే స్కూల్ తొందర లేదు. పాతికమంది పిల్లలకి ఒక టీచర్ ఉన్నచోట ఒక్కో పిల్లాడితో మాట్లాడే సమయం నిమిషాల్లో ఉంటుంది, మాటలు తక్కువున్న పిల్లలు మూలకి పోతారు. ఎదురుగా కూర్చునే ఇద్దరు పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగా రెండేళ్ళ లోపు అది నష్టమే అంటాను. మూడేళ్ళు దాటాక చూడండి. మీ దగ్గరి అంగన్‌వాడీలో "నవచేతన" గురించి అడగండి. పుట్టిన దగ్గర్నుంచి మూడేళ్ళ వరకు నెలనెలా చేయించే ఆటలతో కేంద్రం 2024లో తెచ్చింది.

---

డల్లాస్_నాన్న:

దీనికి దగ్గర ప్రశ్నే. పాపకి 23 నెలలు, ఇంట్లో తెలుగు, డేకేర్‌లో ఇంగ్లీషు. రెండు భాషల వల్లే మాట ఆలస్యమవుతోందని, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని సలహా ఇచ్చారు. మానేయాలా?

---

మాట_బడి:

మానొద్దండి. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండింటినీ కలపాలి: తెలుగులో 15, ఇంగ్లీషులో 10 ఉంటే పాపకి 25 ఉన్నట్టు. తెలుగు మాటల్ని వదిలేసి లెక్కిస్తే లేని లోటు కనబడుతుంది. నిజంగా ఆలస్యం ఉంటే అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది, ఒకటి మానేసినందువల్ల తగ్గదు. మీరు అలసిపోయి ఇంటికొచ్చాక కూడా తడుముకోకుండా మాట్లాడగలిగే భాష ఏదో పాపకి అదే కావాలి. అరువు తెచ్చుకున్న భాషలో తల్లిదండ్రులు "కమ్, సిట్, ఈట్" దగ్గరే ఆగిపోతారు. నానమ్మ అమ్మమ్మలతో మాట కూడా తెగిపోతుంది.

అక్కడ మూడేళ్ళ లోపు పిల్లలకి చట్టప్రకారం ఎర్లీ ఇంటర్వెన్షన్ (ఎదుగుదల ఆలస్యమైన చిన్నపిల్లలకి సాయం చేసే ఏర్పాటు) ఉంది, టెక్సస్‌లో ఈసీఐ అంటారు. డాక్టరు చీటీ లేకుండా మీరే ఫోన్ చేయొచ్చు. మీరు అడిగిన రోజు నుంచి 45 రోజుల్లో పరీక్ష చేసి ప్రణాళిక సమావేశం పెట్టాలి. పరీక్షకి ఫీజు ఉండదు. ఇంట్లో తెలుగు మాట్లాడతామని ముందే చెప్పి దుబాసీని అడగండి. మూడేళ్ళు నిండితే ఆ బాధ్యత స్కూల్ డిస్ట్రిక్ట్‌కి మారుతుంది, కాబట్టి ఆలస్యం చేయొద్దు.

కూకట్‌పల్లి అమ్మగారూ, డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు రెండు తీసుకెళ్ళండి. ఒకటి ఫ్రిజ్ మీది కాగితం: తేదీ, పలికిన శబ్దం, దేన్ని చూసి అన్నాడు, ఎవరు విన్నారు. రెండోది, రెండేసి నిమిషాల వీడియోలు మూడు: తింటున్నప్పుడు ఒకటి, ఒంటరిగా ఆడుతున్నప్పుడు ఒకటి, నానమ్మతో ఆడుతున్నప్పుడు ఒకటి. బాబు కంటపడకుండా తీయండి, లేకపోతే ఫోన్ కోసం వస్తాడు. కొత్త గదిలో చాలామంది పిల్లలు నోరు విప్పరు, అప్పుడు డాక్టరుకి ఈ వీడియోలే ఆధారం. ఆ కాగితాన్ని అలాగే కొనసాగించి, బాబుకి 22 నెలలు నిండిన రోజు మళ్ళీ లెక్కచూడండి. వినికిడి బాగుండి, ఇంట్లో ఇవన్నీ జరుగుతున్నా అప్పటికి కొత్త మాటలు రాకపోతే, రెండేళ్ళు నిండే దాకా చూడకుండా థెరపీకి వచ్చేయండి.